బానెట్టు మీది చేయి

భాద్రపదమాసము కడపటి దినములవి. వర్షమేఘములు తమ నీటిబరువునంతయు తూర్పుకనుమలపై దింపి తేలికపడి కొండకొమ్ముల నానుకొని విశ్రమించుచుండగా వేగావతీనది యెఱ్ఱనీటితో నొడ్డుల నొరసి పాఱుచుండగా ఘాటుమార్గమున దిగివచ్చిన లారీలు బాటకిరుగడల బారులుదీఱి వేడెక్కిన యింజనులను జల్లార్చుకొనుచుండగా డీజిలువాసనయు తడిమంటివాసనయు టీకొట్ల యల్లపువాసనయు నొక్కటిగా గలసి బాటసారుల ముక్కుపుటముల సోకుచుండగా ఇంటిగడపకంటె బండిచక్రమునే మిక్కిలిగా నమ్ముకొని జీవించు సాలూరు పట్టణమున దెల్లవాఱెను. ఆ యూరి పసిబిడ్డలు అమ్మా యని పలుకుటకు ముందే హారను మ్రోత నేర్తురని పొరుగూళ్లవారు వేళాకోళమాడుదురు. వారి మాట కేమి గాని యీ కథకు గావలసినది ఆ యూరి పెద్దమనిషి యొక్కడు.

ఆయన పేరు లక్కోజు వైకుంఠాచారి. పాలిటెక్నిక్కు కళాశాలయందు మోటారు విభాగమున జిరకాలము బోధకుడై యుద్యోగవిరమణానంతరము ఇంటివాకిట రేకులపందిరి వేయించి పాతకార్లు కొనగోరువారికి బరీక్షకుడై యుండెను. ఆ ప్రాంతమున నొక యాచారము గలదు. పాతబండి చేతులు మాఱునప్పుడు అమ్మువాడును గొనువాడును దానిని విషయజ్ఞుడైన పెద్ద యొద్దకు గొనివత్తురు. ఆయన దానిని నలుదెసల బరీక్షించి మనసు కుదిరినచో ఇంజను నడుచుచుండగనే కుడిచేతిని బానెట్టుపై నానించి "నాది పూచీ" యనును. ఆ మాట వెలువడిన పిమ్మట గొనువాడు మఱి ప్రశ్నింపడు, అమ్మువాడు మఱి పొగడడు. ఆ చేతికి దక్కు సంభావన తాంబూలమును గొబ్బరికాయయు మాత్రమే.

ఆచారిగారి పరీక్ష ఆషామాషీ వ్యవహారము గాదు. నిలిచి చల్లబడిన యింజనునే గాని వేడియింజను నాయన ముట్టడు. మొట్టమొదట నూనె మట్టమును దెలుపు సన్నని యుక్కుపుల్లను, అనగా మోటారువారు ఆయిలుగేజి యనుదానిని, లాగి తుడిచి మరల ముంచి లాగి దాని కొననంటిన నూనెను బొటనవ్రేలికిని జూపుడువ్రేలికిని నడుమ నలిపి వాసన చూచును. తరువాతనే ఇంజను నడిపించి పొడుగుపాటి స్క్రూడ్రైవరు కొనను దానికి దాకించి పిడిని జెవికి జేర్చి కన్నులు మూసికొని వైద్యుడు నాడి చూచినట్లు వినును. ఆయన చేయి వేసిన బండి యేదియు నంతవఱకు నడిదారిని నిలిచిపోలేదు. అందువలన నాయనకు గొంత గర్వముండెను. ఉండదా మఱి!

నాటి యుదయమున నాయన యింటికి మజ్జి మాణిక్యాంబ భాగవతారిణి వచ్చెను. ఆమె విజయనగరమున హరికథాగానము నభ్యసించి కాలికి గజ్జె గట్టి చేత జిడతలు బూని యూరూర గథలు చెప్పి పేరుగన్న విదుషీమణి. నడివయస్సునకు వచ్చినను గంఠము చెక్కుచెదరలేదు గాని ప్రయాణములచే నొడలు నలిగినది. ఆ యేటి దసరా నవరాత్రములకు గనుమ కావలనున్న జయపురమునందలి తెలుగువారు తొమ్మిది రాత్రులును దమ వేదికపై నామెనే కథ చెప్పుమని యాహ్వానించిరి. ఒక్కచోట వరుసగా దొమ్మిది కథలు చెప్పు గౌరవ మామె కదివఱకు బట్టలేదు.

"మేస్టారూ, మృదంగాన్ని ఒళ్ళో ఎట్టుకుని బస్సుల్లో తిరిగీ తిరిగీ నా మోకాళ్ళు అరిగిపోనాయండి. చిన్న కారొకటి కొనుక్కుందామనుంది. తోలడం నేర్చుకున్నాను, లైసెన్సూ వచ్చింది. ఇంజనంటే ఏటో మాత్రం నాకు తెలీదు. మీరు చెయ్యేసి చెప్తే కళ్ళు మూసుకుని కొనేస్తాను."

శ్రోత దొరికిన బోధకుని యుత్సాహము వర్ణింప నెవరితరము! ఆచారిగారు పందిరిక్రింద నున్న కొయ్యకుర్చీలో నామెను గూర్చుండబెట్టి పెట్రోలుతో నడుచు చిన్నకారు ఇంజను స్వరూపమును బురాణము చెప్పినట్లు విన్పింప దొడగెను. అల్యూమినియపు దిమ్మెలో మూడు సిలిండర్లు వరుసగా నుండుననియు ఒక్కొక్కదానియందు పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలిని బెట్రోలు తుంపరను లోనికి బీల్చుకొనుననియు పైకెక్కునప్పుడు దానిని గట్టిగా నదిమిపట్టుననియు అంతట స్పార్కుప్లగ్గు నిప్పురవ్వ విడువగా నది భగ్గుమని మండి పిస్టనును క్రిందికి ద్రోయుననియు మరల బైకెక్కునప్పుడు పొగను వెలికి నెట్టుననియు ఈ నాలుగు పనులలో బండిని నడుపునది యా యొక్క త్రోపే గాని దక్కిన మూడును దానికి జేయు నూడిగములనియు జెప్పెను. ఆ పైక్రిందుల కదలికను గ్రాంకుషాఫ్టు గుండ్రని తిరుగుడుగా మార్చి చక్రముల కందించుననియు వేళకు వాల్వులను దెఱచి మూయుటకై యొక యుక్కుగొలుసు క్రిందినుండి పైదాక తిరుగుచుండుననియు వెనుకటి బండ్లలో కొన్నింట దానికి బదులు రబ్బరుపట్టీ యుండి హఠాత్తుగా దెగి కొంప ముంచుచుండెడిదనియు ఈ గొలుసున కా భయము తక్కువయనియు వివరించెను.

"మూడు సిలిండర్లే కదండీ, నిలబెట్టినప్పుడు కొంచెం వణుకుతాది. అది జబ్బు కాదు, దాని పుట్టుక అంతే," అని నవ్వి యాయన మఱియు నిట్లనెను. "నమ్మకమంటే ఈ ఇంజనుదేనమ్మా. వేళకి ఆయిలు మార్చి ఇంజన్ని చల్లబరిచే కూలెంటు నిండుగా ఉంచితే లక్షల కిలోమీటర్లు నోరెత్తకుండా తిరుగుతాది. దీని ప్రాణమంతా ఆయిల్లోనే ఉంది. ఇనుమూ ఇనుమూ తగలకుండా మధ్యని నిలబడేది అదే. అది చిక్కబడి మడ్డి కడితే పంపు పీల్చలేదు. పంపు పీల్చకపోతే పిస్టన్లు సిలిండర్లని కరిచి బిగిసిపోతాయి. ఇంక అంతే సంగతులు."

మాణిక్యాంబ యీ యుపన్యాసము నంతయు గథలో రసవద్ఘట్టము విన్నట్లు విని చేతులు జోడించెను. ఆచారిగారికి బ్రహ్మానందమయ్యెను. ఇంతకు నామె కొనదలచిన కారెవరిదో యప్పటికాయన యడుగనేలేదు.

అది పార్వతీపురమునందలి కొమ్మోజు సోమలింగాచారిగారిది. ఆయన పేరుమోసిన స్వర్ణకారుడు. అంతకంటె ముఖ్యముగా నాయన వైకుంఠాచారిగారి వియ్యంకుడు. ఆచారిగారి యేకైకపుత్రిక హేమలత మొన్నటి వైశాఖమునందే వారింటి కోడలయ్యెను. పెండ్లిలో సోమలింగాచారిగారు వియ్యంకునికి గప్పిన జరీయంచు పట్టు ఉత్తరీయపు మడత యింకను నలుగలేదు. ఆయన తన చిన్నకారును దానే నడుపుకొని యామధ్యాహ్నమే సాలూరు వచ్చి దిగెను. వియ్యంకుని రాక యని ఆచారిగారా యుత్తరీయమునే భుజముపై వైచుకొని యెదురేగెను.

చదువరులారా, ఇక జరిగినదానిని జెప్పుటకు నాకే సిగ్గగుచున్నది. కాని చెప్పక తప్పదు.

బానెట్టు పైకెత్తబడెను. ఇంజను వేడిగా నుండెను. పార్వతీపురమునుండి వచ్చిన బండి వేడిగా గాక చల్లగా నుండునా? వేడియింజను చూడనని యాయన యెందఱినో మరునాడు రమ్మని పంపినాడు. వియ్యంకుని నట్లు పంపుటెట్లు? సరే కానిమ్మని యాయన చేయి చాచి గేజి పసుపుపచ్చని పిడిని రెండువ్రేళ్ల బట్టుకొనెను. అంతలో సోమలింగాచారిగారు "చూడండి బావగారూ, మీరు చూసిన తరవాతే మాట," అనిరి. ఆ పలుకు సాదాసీదా పలుకే. అయినను ఆచారిగారి చెవికది వేఱొక తీరుగ వినవచ్చెను. తాను పిల్లనిచ్చిన యింటివాడు, పెద్దమనిషి, తన బండి మంచిదని తెచ్చి నిలిపినవాడు, ఆయన కన్నులయెదుట గేజి లాగి తుడిచి నూనె నలిపి వాసన చూచుట యనగా నాయన మాటను శంకించుటయే గదా యని తోచెను. పైగా గేజి తుడుచుటకు గుడ్డ వలయును. భుజముపై నున్నది ఆయన కప్పిన పట్టు ఉత్తరీయము. పిడిని బట్టిన వ్రేళ్లు మెల్లగా సడలెను.

"మన ఇంటి బండికి చూపులేటి బావగారూ," అని నవ్వుచు నాయన చేయి వెనుకకు దీసికొనెను.

ఇంజను నడిపింపబడెను. తలభాగమున నొక సన్నని టిక్కుటిక్కు చప్పుడు వినవచ్చెను. నూనె చాలక వాల్వులు పలుకు పలుకది యని వైకుంఠాచారికి దెలియనిది గాదు. పెట్రోలు చిమ్ము సూదుల చప్పుడై యుండునని తనకు దాను జెప్పుకొనెను. స్క్రూడ్రైవరును జెవికి జేర్చనేలేదు. ఉదయమునుండి యచటనే యుండి యిపుడు స్టీరింగుచక్రము వెనుక గూర్చున్న మాణిక్యాంబ యెదుటి పలకలో నూనెచెంబు బొమ్మగల యెఱ్ఱదీపము మిగిలిన దీపము లాఱిన పిదప గూడ గొంతసేపు మినుకుమినుకుమని నిలిచి యాఱుట కనిపెట్టి "ఇదేటి మేస్టారూ, ఇదొక్కటీ లేటుగా ఆరింది?" అని యడిగెను.

"అదా... ఆయిలు సంగతి చెప్పే సెన్సారు పాతబడిందమ్మా. ఊరికే వెలుగుతుంటాది. దాన్ని పట్టించుకోకండి," అనెను ఆచారి.

అని బానెట్టుపై గుడిచేతి నానించి "నాది పూచీ" యనెను.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు మాణిక్యాంబ తాను గొనిన యా కారున మృదంగవిద్వాంసుని ఫిడేలువాద్యగాని వెంటనిడుకొని జయపురమునకు బయలుదేఱెను. ఆమె కారును నేర్పుతోడనే నడిపెను. ఘాటునెక్కుచు సగము దారి చేరునప్పటికి నూనెచెంబు దీపము వెలిగెను. ఫిడేలాయన బండి నాపుమనెను. ఆమె "ఫరవాలేదండీ, అది ఊరికే ఎలుగుతాది. ఆచారి మేస్టారు చెయ్యేసి చెప్పేరు," అని ముందునకే సాగెను. మఱికొంత దూరమునకు బండిలో సుత్తితో గొట్టినట్లు చప్పుడు పుట్టెను. మఱుక్షణమున నొక్క కుదుపుతో ఇంజను కట్టెవలె బిగిసికొని పోయి యేటవాలు మలుపున నిలిచిపోయెను. జయపురమున వేదికపై దీపములు వెలిగి జనులు గూర్చుండి చూచి చూచి లేచిపోయిరి. నిర్వాహకులు మరునాడు వేఱొక భాగవతారుని బిలిపించి మిగిలిన రాత్రులన్నియు నతనికే యప్పగించిరి. మాణిక్యాంబ తొమ్మిది కథలును కొండమలుపుననే యుండిపోయెను.

లారీ వెనుక గట్టి యీడ్పించి తెచ్చిన కారును సాలూరులో గవిరేసు షెడ్డున నిలిపిరి. గవిరేసు ఆ షెడ్డు యజమాని. ఒకప్పుడు ఆచారిగారి శిష్యుడు. కబురందుకొని యాచారి వచ్చునప్పటికి షెడ్డు నిండ జనము. లారీవాండ్రు తలకొక మాట యనుచుండిరి.

"ఆడోళ్ళు తోల్తే ఇంతేరా బావూ. ఫస్టుగేర్లోనే ఘాటంతా లాగేసుంటాది."

"లేకపోతే ఆచారిగారు చెయ్యేసిన ఇంజనుకి ఏటౌతాది?"

మాణిక్యాంబ మూల నొక స్టూలుపై గూర్చుండి యుండెను. ఆమె కన్నులెఱ్ఱబడి యుండెను. ఆచారిని జూచి లేచి నిలిచి వారి నుద్దేశించి "మేస్టార్ని ఏటీ అనకండి. ఆయన చూసిచ్చిన బండిది. నాకే తోలడం చేతకాలేదు," అనెను.

ఆహా! ఆ క్షణమున నొక్కమాట పలికియున్నచో నెంత బాగుండెడిది! కాని యాయన నీళ్లు నమలుచు నిలిచెను. గవిరేసు చేతులు తుడుచుకొనుచు వచ్చి "గురువుగారూ, మరి... విప్పమంటారా?" అని యడిగెను. వాడు గేజిని లాగి చూడలేదు. ఆచారిగారు చేయి వేసిన బండిగేజిని ఆచారిగారి యానతి లేక లాగుట గురువుగారి నవమానించుట యని వాని తలంపు. తాను వియ్యంకునకు జూపిన మొహమాటమే శిష్యుని రూపమున దనయెదుట వచ్చి నిలుచుట యాచారికి దెలిసెను. అయినను "ఇప్పుడొద్దులేరా. తరవాత చూద్దాం," అని గిఱ్ఱున దిరిగి యింటికి వచ్చెను. దారిలో నెదురైన వారందఱును యథాప్రకారము నమస్కరించిరి. ఒక్కొక్క నమస్కారమును జెంపదెబ్బవలె దగిలినది.

దసరాకు బుట్టింటికి వచ్చిన హేమలత తండ్రి యన్నము ముందు గూర్చుండి మెతుకులు కెలుకుట గనిపెట్టి నిలదీసెను. ఆయన చివర కంతయు జెప్పి "నువ్వా ఇంట మసలాలి కదా తల్లీ. మీ మావగారి మనసు నొచ్చుకుంటే రేపు నీకు..." అని మాట మధ్యలో విడిచెను.

కూతురు వడ్డించు గరిట నట్లే పట్టుకొని నిలిచెను. "నాన్నా, నా పేరు తేకు. ఆయన నన్ను ఒక్క మాట అన్లేదు, అనరు కూడాను. నీకు మొహమాటం. అంతే. నీ మొహమాటాన్ని తెచ్చి నా కొంగు కింద దాస్తావేంటి?"

ఇన్నినాళ్లును దా నొక తండ్రి ప్రేమచే దప్పు చేసినట్లు లోలోపల నొక యూఱట గల్పించుకొని యుండెను. కన్నబిడ్డ దానిని గూడ లాగివేసెను. ఇక మిగిలినది సిగ్గు తప్ప వేఱొకటి లేదు. చేయి కడుగుకొని యాయన విజయనగరము బస్సెక్కెను.

మాణిక్యాంబ యింట మృదంగము గుడ్డసంచిలోనే గోడ కానియుండెను. చిడతలు గూటిలో నుండెను. నవరాత్రములు నడుచుచుండగా నామె యింట పాట వినరాకుండుట యదియే మొదటిసారి యని పొరుగువారు చెప్పుకొనిరి. ఆచారి గుమ్మము దాటి లోనికి బోవుటకు ముఖము చెల్లక వాకిటనే నిలిచి గేజి లాగకుండుటను టిక్కుటిక్కు చప్పుడు వినియు విననట్లు నటించుటను సెన్సారని బొంకుటను నొకదాని వెనుక నొకటిగా జెప్పివేసెను.

ఆమె లేచి గుమ్మమువఱకు వచ్చెను.

"కొండమీద ఆ దీపం ఒకటి చెప్పింది, మీ మాట ఒకటి చెప్పింది. నేను మీ మాటే నమ్మేను మేస్టారూ," అనెను. ఆమె గొంతు హెచ్చలేదు. హెచ్చియున్నచో నాయనకు సులువుగా నుండెడిది.

"క్షమించమ్మా. ఇంజను నా చేత్తో విప్పి మళ్ళీ కడతాను. కొత్తదానిలా చేసిస్తాను."

"చేద్దురుగాని. అది తరవాత సంగతి. నా తొమ్మిది రాత్రులు మీరు కట్టివ్వలేరు కదా. ఊరూరా నన్ను తోలడం రాని దానంటున్నారు. మా ఫిడేలాయన కూడా అనేసేడు. ఇంకెవరైనా నన్ను నమ్మి నా బండి ఎక్కుతారా? ముందు ఆ మాట మీరు తియ్యండి. నాకు చెవిలో చెప్పడం కాదు, వాళ్ళందరి ముందూ తియ్యండి."

అందఱి ముందు ననగా వియ్యంకుని ముందును. ఆయుధపూజనాడు గవిరేసు షెడ్డున సాలూరి మోటారువారందఱును గూడుట వాడుక. పానాలకు స్క్రూడ్రైవర్లకు జాకీలకు బసుపు కుంకుమ లలంకరించి గుమ్మడికాయ కొట్టు నా యుత్సవమునకు బార్వతీపురమునుండి సోమలింగాచారిగారు గూడ బండుగ పలకరింపుగా వచ్చియుండిరి. మాణిక్యాంబయు నాచారి పిలువగా వచ్చి యొక ప్రక్క నిలిచెను. వైకుంఠాచారి స్నానము చేసి విభూతి ధరించి భుజముపై నా పట్టు ఉత్తరీయమునే వైచుకొని వచ్చెను. హారతి ముగిసినది. పెద్ద యని యందఱును గొబ్బరికాయ నాయనకే యందించిరి. ఆయన దానిని బుచ్చుకొనక మూల నున్న చిన్నకారు దగ్గఱకు నడిచి బానెట్టు నెత్తి పసుపుపచ్చని పిడిని బట్టి గేజిని సర్రున లాగెను.

పుల్ల కొనయందు నూనె యను పదార్థము లేదు. తారువంటి నల్లని మడ్డి ముద్దగ నంటుకొని యుండెను. గవిరేసు గుడ్డ తెత్తునని పరుగెత్తబోగా నాయన వలదని వారించి భుజమునుండి పట్టు ఉత్తరీయమును దీసి జరీయంచుతో సహా దానిచుట్టు జుట్టి తుడిచెను. జనములో నొకరిద్దఱు అయ్యయ్యో యనిరి. ఆయన యా నల్లమరకను జేతులు చాపి యందఱికిని జూపెను.

"ఈ గేజి నేను ఆ రోజు తియ్యలేదు. మా బావగారి బండి కదా అని మొహమాటపడ్డాను. లోపల వాల్వులు కొట్టుకుంటుంటే విన్నాను. దీపం ఆలస్యంగా ఆరడం ఈవిడ చూసి అడిగితే సెన్సారని అబద్ధం చెప్పాను. కొండమీద ఈవిడ ఆగకపోవడానికి కారణం నేను. తోలడం ఈవిడకి వచ్చును. చూడ్డమే నాకు చేతకాలేదు."

ఫస్టుగేరు మాట యన్న లారీవాడు తల గోకికొనెను. అందఱి చూపులును సోమలింగాచారిగారి పైకి దిరిగెను. వియ్యంకులిద్దఱికి నిక మాటలుండవని కొందఱు, పిల్లకథ యేమగునో యని కొందఱు గుసగుసలాడిరి. ఆయన కండువా సవరించుకొని మెల్లగా ముందునకు వచ్చి గేజివంకను మరకవంకను జూచి తల పంకించెను.

"అదేం మాటండీ బావగారూ! మా సొంత తమ్ముడు తెచ్చిన ఉంగరమైనా గీటురాయి మీద గియ్యకుండా నేను పుచ్చుకోను. వాడూ ఏమీ అనుకోడు. నాకు ఇంజను సంగతి ఏం తెలుసు? సర్వీసింగంటే నీళ్ళు కొట్టి కడిగించడమే అనుకున్నాను. నెలనెలా కడిగించాను కూడాను. లోపల ఆయిలు మార్చాలని నాకు తెలిస్తే కదా! అందుకే చూడండని మీ దగ్గరకి తెచ్చాను. మీరు బానెట్టెత్తి ఊరుకుంటే, ఈయన చెవితోనే కనిపెట్టేశాడు గావును, ఎంత గొప్పవాడో అనుకుంటూ ఇంటికెళ్ళాను. గియ్యమని ఇచ్చిన బంగారం గియ్యకుండా ఇచ్చేశారు కదండీ!"

ఆ మాటలలో గోపము లేదు. ఆశ్చర్యమే యుండెను. వైకుంఠాచారికి దల కొట్టివేసినట్లయ్యెను. ఎవరి మనసు నొచ్చునని యాయన చేయి వెనుకకు దీసికొనెనో యాతని కా నొప్పియే లేదు. అడుగని మర్యాదను దానే కల్పించి యెవరును గోరని త్యాగమును దానే చేసి దాని వెలను మాత్రము కొండమలుపున నొక యమాయకురాలిచే జెల్లింపజేసినాడు. కప్పిన చేతులయెదుటనే మలినమైన యుత్తరీయమును బట్టుకొని యాయన నేల చూచుచు నిలిచెను. కన్నీరు గెడ్డము దాక వచ్చినను దుడుచుకొనలేదు. తుడుచుకొనుటకు జేతనున్నది మడ్డిగుడ్డ యొక్కటియే.

సోమలింగాచారిగారే కొబ్బరికాయ నందుకొని మాణిక్యాంబ వైపు తిరిగి "అమ్మా, బండి అమ్మింది నేను, తప్పులో నాకూ వాటా ఉంది. కావలసిన సామానంతా నేను తెప్పిస్తాను," అనెను. ఆమె యొప్పుకొనెను. లారీవాండ్రలో నొకడు ముందునకు వచ్చి "ఏటనుకోకండమ్మా, తెలీక అన్నాం," అని గొణిగెను.

కార్తికమాసమున నాచారి గవిరేసుతో గూడి యా యింజనును దనచేతనే విప్పెను. అడుగుతొట్టెలో నల్లమడ్డి పేరుకొని నూనె పీల్చు జల్లెడ పూడిపోయి యుండెను. సిలిండరు గోడలపై గీతలుండెను. గీతలు పడిన సిలిండర్లను బోరు కొట్టించి, అనగా లోగోడలను నునుపుగ జెక్కించి, పిస్టన్లు బేరింగులు రింగులు మార్పించి నూనెదారు లన్నింటిని సూదులతో బొడిచి కిరసనాయిలుతో గడిగి టైమింగుచైను అను నా యుక్కుగొలుసు గుఱుతులు సరిచూచి తిరిగి బిగించెను. శిష్యులయెదుట నొకప్పుడు దర్జాగా జెప్పిన పాఠమునే యిపుడు మాట లేక చేసెను.

బండి నప్పగించు నుదయమున మాణిక్యాంబ ఆచారిగారి యింటి పందిరికి వచ్చెను. పొగమంచు కొండలనుండి యింకను విడలేదు. ఆచారి ఇంజనును నడిపించెను. అది మూడు సిలిండర్ల సహజమైన చిన్నవణకుతో మెత్తగా బలికెను. ఎఱ్ఱదీపము వెలిగి మిగిలినవానితో బాటే యాఱెను. ఇన్నేండ్ల యలవాటు! ఆయన కుడిచేయి తనంత దానే లేచి బానెట్టు మీద వ్రాలెను.

"చెయ్యి తియ్యండి మేస్టారూ," అనెను మాణిక్యాంబ.

ఆయన యులికిపడి తీసెను. ఆమె ఇంజను నాపించి నూనె దిగువఱకు దాళి బానెట్టు నెత్తి పసుపుపచ్చని పిడిని బట్టి గేజిని లాగెను. ఆయన యెదుటనే, ఆయన కన్నులలోనికి జూచుచునే, ఏ మొహమాటమును లేక లాగెను. తుడుచుటకు గుడ్డకై యిటునటు చూచెను. ఒకప్పుడు తన మాటయే ప్రమాణముగ నేలిన పందిరిక్రింద బరీక్షింపబడుచు నిలిచిన యా వృద్ధుడు తల వంచుకొని భుజముపైనున్న పట్టు ఉత్తరీయమును దీసి రెండుచేతుల నామెకు జాచెను. ఆయుధపూజనాటినుండి యాయన దానిని జాకలికి వేయలేదు. ఆమె తుడిచి ముంచి మరల లాగి చూచెను. నూనె గుఱుతు దాక నిలిచి తేనెవన్నెతో మెఱసెను.

"బావుంది. ఇప్పుడు నాది పూచీ," అని యామె గేజి కొనను మఱొకసారి యుత్తరీయముపై దుడిచి యథాస్థానమున నుంచి బండినెక్కి వెడలిపోయెను. మర్యాద యను పేర గన్నులు మూసికొనుటకంటె నమర్యాద వేఱొకటి లేదని వైకుంఠాచారి యటుపిమ్మట బండి చూపవచ్చినవారందఱికి జెప్పుచుండెను. చెప్పి బానెట్టుపై జేయి వేయక వారిచేతనే గేజి లాగించి తుడుచుకొనుటకు దన యుత్తరీయము నందించెడివాడు. దానిపై నల్లమరక ప్రక్కనే తేనెవన్నె మరక యొకటి సన్నగా గానవచ్చుచుండెను.